ఎర్రపట్టీ

"మా తమ్ముణ్ణి ఒదిలేసి ముందు ఆ ఎదవని చూస్తావా?" అంటూ కృష్ణారావు కాంపౌండరు చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు.

చందర్లపాడులో పొలం గట్టు కోసం గొడ్డళ్ళతో నరుక్కున్నారు దాయాదులు. కృష్ణారావు తమ్ముడు నాగసాయికి కాలు తెగింది. పెదనాన్న కొడుకు భవానీప్రసాద్‌కి కృష్ణారావు దెబ్బకే పొట్ట చీలింది. ఇద్దరూ ఒళ్ళు తెలియకుండా ఆసుపత్రి వరండాలో పక్కపక్క స్ట్రెచర్ల మీద ఉన్నారు.

కాంపౌండరు పెదవి మీద నెత్తురు తుడుచుకున్నాడు. "మీ తమ్ముడి చేతికి పసుపుపట్టీ కట్టామండీ, కాసేపు ఆగొచ్చు. ఎర్రపట్టీ వాళ్ళు ఆగితే పోతారు" అని డాక్టరు కోసం పరిగెత్తాడు.

"పోతే పోనీ!" కృష్ణారావు ఇద్దరి చేతుల పట్టీలూ పీకి, ఎర్రది తమ్ముడి చేతికి చుట్టేశాడు. రంగు చూశాడే గానీ, దాని మీద ఏం రాశారో చూడలేదు.

రక్తం సంచితో వచ్చిన నర్సు ఎర్రపట్టీ చదివింది. "బి పాజిటివ్" అంటూ నాగసాయి చెయ్యి అందుకుని సూది ఎత్తింది.

కృష్ణారావు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగమ్మా! మావాడిది ఓ పాజిటివ్! అది ఎక్కిస్తే చచ్చిపోతాడు!"

"మరి ఈ పట్టీ ఎవరిది?"

కృష్ణారావు పక్క స్ట్రెచరు వంక చూశాడు. అక్కడ నెత్తురు నేల మీదికి కారుతోంది.

"మా అన్నయ్యదండీ" అన్నాడు. "నరికింది నేనే. ముందు ఆయనకి ఎక్కించండి."