బట్టల తాడు గుంజ

మారిషస్ కొండల మీదికి ఎండ చుట్టపు చూపుగా వస్తుంది. అది వచ్చేలోగా బట్టల తాడుకి రెండో గుంజ పాతాలని నూకాలమ్మ తొందర. రేపే అమ్మోరి పండగ. కట్టుకోవాల్సిన పసుపు చీర ఇంకా బకెట్లోనే ఉంది.

నేల చదివే యంత్రం ఒప్పుకోనిదే ఆ ద్వీపంలో జానెడు గొయ్యి కూడా తవ్వకూడదు. పాతదేదైనా తగిలితే పూడ్చేసి పక్కకి జరగాల్సిందే.

మొదటి చోట డచ్చివాళ్ళు నరికిన చెట్టు మొద్దు తగిలింది. రెండో చోట, పారిపోయి వచ్చిన బానిసలు వండుకున్న పొయ్యి. మూడో చోట, నేల ఏటి లోయలోకి దిగే అంచున, చెరకు మిల్లు గోడ.

"ఈ దీవిలో కాళీ జాగాయే నేదేటి?" అని విసుక్కుంది.

"పోనీ నా నెత్తి మీద పాతీయే," అన్నాడు మొగుడు సన్నాసి, గుమ్మంలో టీ తాగుతూ.

నాలుగో చోట యంత్రం చాలాసేపు ఆలోచించింది. "ఇక్కడ రెండున్నర వందల ఏళ్ళ నాటి గుంజ గొయ్యి ఉంది. అందులో ఆకుపచ్చ చేతి గాజు ముక్క ఉంది. చెరకు కూలీకొచ్చిన ఆవిడెవరో బట్టలారేసుకున్న చోటు."

నూకాలమ్మ ఉసూరుమంటూ మట్టి పూడ్చబోయింది.

"పూడ్చకండి. పాత పని సాగించడానికి అనుమతి అక్కర్లేదు," అంది యంత్రం.

గుంజ ఆ గోతిలో కొలిచి చేసినట్టు దిగింది. తాడు కట్టి, సగం ఖాళీగా వదిలి, చీరని ఒక పక్కకి ఇరుకుగా జరిపి ఆరేసింది.

"ఆ సగం ఎవరికే?" అన్నాడు సన్నాసి.

"ముందొచ్చినావిడికి."