ముందు బెంచీ పెద్దమ్మాయి

"సంకేతానికీ అర్థానికీ తేడా ఏమిటో మరొక్కసారి చెప్తారా?"

ముందు బెంచీలోంచి ఆ ప్రశ్న రాగానే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

నిన్న అడిగిందీ అదే. మొన్న అడిగిందీ అదే.

మేడం విసుక్కోలేదు. బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టింది.

ఎమ్మే కమ్యూనికేషన్ క్లాసులో అందరూ కుర్రకారే. ఆవిడకు మాత్రం తల ముగ్గుబుట్టలా నెరిసింది. ఏడాది మధ్యలో ఎక్కణ్నుంచి ఊడిపడిందో, వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. హాజరు పిలిచేటప్పుడు ఆవిడ పేరు రాదు. మేడంకి చుట్టమై ఉంటుందనీ, ఇంట్లో పొద్దుపోక వస్తోందనీ అందరూ అనుకున్నారు. 'పెద్దమ్మాయి' అని పేరు కూడా పెట్టారు.

ఆవిణ్ని చూస్తే అందరికన్నా ఎక్కువ ఉడికిపోయేది లీడర్. క్లాసులో ఏ పనైనా తన నెత్తినే వేసుకుంటుందని ఆ అమ్మాయికి ఆ పేరు. ఒక్క మార్కు తగ్గితే ముద్ద దిగదు.

ఆ రోజు క్లాసు అయ్యాక మేడం లీడర్‌ను పిలిచింది.

"సెమినార్‌కి ఆవిణ్ని మీ గ్రూపులో కలుపుకో."

"మా గ్రూపులోనా మేడం?"

"కాసేపు మాట్లాడనివ్వు, చాలు."

కాదనలేకపోయింది. వరండాలోకి వచ్చాక, గ్రూపులో ఉన్న కళ్లజోడు కుర్రాడి దగ్గర కక్కేసింది.

"బయటినుంచి ఎగ్జామినర్లు వస్తున్నారు. ఈవిడ అందరి ముందూ లేచి సంకేతమంటే ఏమిటని అడిగిందనుకో, మన పని గోవిందా."

"మేడం చెప్పారు కదా, ఏం చేస్తాం?"

"నాకొదిలెయ్."

పెద్దమ్మాయికి 'వినడం' అన్న అంశం ఇచ్చారు. ఆవిడ లైబ్రరీలో ఓ మూల కూర్చుని, పెదవులు కదుపుతూ రోజూ అదే చదువుకునేది.

"ఇవాళ తడబడకుండా వచ్చింది తల్లీ. వింటావా?"

"తర్వాత వింటాను ఆంటీ."

సెమినార్ ముందురోజు మెట్ల దగ్గర ఆవిడే ఆపి అడిగింది.

"రేపు ఎన్నింటికమ్మా?"

"ఒంటిగంటకు."

"ఒంటిగంట," అంది ఆవిడ. మెట్లు దిగుతున్నంతసేపూ ఆ మాటే గొణుక్కుంటూ వెళ్లింది. లీడర్‌కు నవ్వొచ్చింది.

సెమినార్ పదకొండింటికే మొదలైంది. బ్రహ్మాండంగా జరిగింది. ఎగ్జామినర్లు చప్పట్లు కొట్టి మరీ మెచ్చుకున్నారు. వాళ్లు వెళ్లిపోయాక మైకు వైర్లు చుడుతుంటే, ఇస్త్రీ మడత నలగని బట్టల్లో ఆవిడ గుమ్మంలో కనిపించింది.

"నేనే ముందొచ్చానా?"

"అయిపోయింది ఆంటీ."

"అయిపోయిందా? ఒంటిగంటకన్నావు కదమ్మా?"

మేడం అక్కడే ఉంది. ఇటే చూస్తోంది.

లీడర్ మైకు వైరు చుడుతూనే అంది. "పదకొండింటికని చెప్పాను కదా ఆంటీ. మీరే మరిచిపోయుంటారు."

కళ్లజోడు కుర్రాడు నేలచూపులు చూశాడు.

ఆవిడ వాదించలేదు. పక్కనున్న కుర్చీని ఊతంగా పట్టుకుంది.

"మరిచిపోయానా?" అంది, తనను తానే అడుగుతున్నట్టు.

మేడం గబగబా దగ్గరికొచ్చింది. "పోనీలెండి. దానికేముంది?"

"కాదమ్మా. దారంతా ఒంటిగంట అనే అనుకుంటూ వచ్చాను." ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మర్నాడు ముందు బెంచీ ఖాళీగా ఉంది.

మొదట్లో లీడర్‌కు ప్రాణం హాయిగా ఉంది. మార్కులు వచ్చాయి. వాళ్ల గ్రూపే ఫస్టు. అందరూ భుజం తట్టారు.

ఆ తర్వాతే మొదలైంది. పాఠం అర్థం కాని చోట 'మరొక్కసారి చెప్తారా' అనే మనిషి లేదు. అడుగుదామని లీడర్ చెయ్యెత్తబోయేది. 'మీరే మరిచిపోయుంటారు' అన్న తన గొంతు తనకే వినిపించి, చెయ్యి దించేసేది. మేడం గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం అలవాటైపోయింది. చివరికి సెలవులు దగ్గరపడ్డాక లోపలికి అడుగుపెట్టింది.

"ఆ ఆంటీ రావడం లేదేం మేడం?"

"ఇక రారమ్మా. ఆవిడకు మతిమరుపు జబ్బు. ఒకరు గుర్తు చెయ్యకుండా టైముకు రాగలిగినన్నాళ్లే వస్తాను, తప్పిన రోజు మానేస్తాను అని ముందే నాతో అన్నారు. సెమినార్ రోజు సాయంత్రం ఫోన్ చేశారు. 'జబ్బు ముదిరిందమ్మా, ఇక నావల్ల కాదు' అన్నారు."



"ఆవిడ మరిచిపోలేదు మేడం."

"అంటే?"

"ఒంటిగంటకని నేనే చెప్పాను. కావాలనే."

మేడం చేతిలోని పెన్ను బల్లమీద పెట్టేసింది. తిట్టినా బాగుండుననిపించింది లీడర్‌కు.

"నేను వెళ్లి చెప్తాను మేడం. కాళ్లు పట్టుకుంటాను. తప్పు నాదే, మీకు అంతా బాగానే గుర్తుందని చెప్తాను."

"ఎవరికి చెప్తావు? ఇంట్లోంచి కదలడం మానేశాక మనిషి ఇట్టే జారిపోయారు. మొన్న వెళ్తే, నువ్వెవరమ్మా అని నన్నే అడిగారు."

లీడర్ కళ్లు తుడుచుకుంది.

"ఆవిడ మీకేమవుతారు మేడం?"

మేడం కిటికీ వైపు తిరిగింది.

"ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు. ఈ డిపార్ట్‌మెంటులో నాకు పాఠం చెప్పింది ఆవిడే. చెప్పినవన్నీ ఒక్కొక్కటే మరిచిపోతున్నానని తెలిశాక, మళ్లీ మొదటినుంచి నేర్చుకుందామని వచ్చి నా ముందు కూర్చున్నారు."