వయసు దాచని మనిషి

"నా వయసెంతో చెప్పుండ్రి చూద్దాం."

సరస్వతి ఈ మాట అనగానే దుకాణం ముందు చేరిన ఆడవాళ్లు పోటీలు పడ్డారు. ముఖం చూసి ఒకామె ముప్పై అంది. కాదు, రెండేళ్లు ఎక్కువే ఉంటాయని ఇంకొకామె. సరస్వతి కళ్లద్దాలు సర్దుకుని, నలుగురికీ వినబడేలా తాపీగా చెప్పింది.

"యాభై నాలుగు."

అంతే, అందరూ నోళ్లు వెళ్లబెట్టారు.

ఎనభై మూడో సంవత్సరంలో, హనుమకొండ చౌరస్తాలో వెంకట్రాజం ఫ్యాన్సీ దుకాణం ముందు, నెలనెలా జరిగే తంతు ఇది. ముడతలు పోగొట్టే 'నిత్యకాంతి' క్రీము కంపెనీ ఆమెను హైదరాబాదు నుంచి పంపేది. వారం రోజులుండి ఇంకో ఊరికి పోయేది.

వచ్చామా, డబ్బాలు అమ్మామా, పోయామా అనే రకం కాదు సరస్వతి. చర్మం గురించి దొరికిందల్లా చదివింది. హసన్‌పర్తి నుంచి కూరగాయలు తెచ్చే మొగిలమ్మను ముందుకు పిలిచి, రవిక చెయ్యి పైకి జరిపించేది. ముంజేతి మీద చర్మం, చంక దగ్గరి చర్మం పక్కపక్కన చూపించేది. కింద అంతా ముడతలు, మచ్చలు. పైన పసిపిల్ల ఒళ్లంత నునుపు.

"రెండూ ఒక్కనాడే పుట్టినయి గదా అక్కా. మరి ఒకటి ముసలిదెట్లయింది? ఎండ. తోలు కింద సన్నటి పోగులుంటయి, మంచానికి నులక ఉన్నట్టు. ఎండ వాటిని కొరుకుతది. నులక వదులైతే మంచం కుంగదా?"

ఆ చెప్పిందాంట్లో రవ్వంత తప్పు లేదు. చెప్పడం అయ్యాక క్రీము డబ్బా మూత తీసేది. సాయంత్రానికి డబ్బాలన్నీ ఖాళీ.

వెంకట్రాజం ఇంటి వెనక గదిలోనే ఆమె బస. పొద్దున్నే తలుపేసుకుని గంటసేపు అద్దం ముందు కూర్చోనిదే బయటికి వచ్చేది కాదు. వాడకట్టు పడుచులు సినిమా ముచ్చట్లు చెప్పుకుంటూ, ఈమె రాగానే "పెద్దమ్మొచ్చింది" అని గప్‌చుప్‌గా లేచిపోయేవాళ్లు. వెంకట్రాజం తల్లి సమ్మమ్మ మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని మోకాళ్ల నొప్పుల గురించి, మనవల గురించి మాట్లాడేది. తన కొడుకు డోర్నకల్‌లో రైల్వే పని చేస్తున్నాడని, కోడలు కడుపుతో ఉందని సరస్వతి చెప్పేది. ఆపైన మాట సాగేది కాదు. అటు పడుచుల్లో కలవలేక, ఇటు ముసలివాళ్లలో ఇమడలేక, రెంటికి చెడ్డ రేవడిలా ఉండేది ఆమె బతుకు. ఈడుజోడు లేని మనిషికి ఇంతమంది ఉన్న ఊరు కూడా అడవే మరి.

ఒక్క వెంకట్రాజమే ఆమెను అమ్మా అని పిలిచేవాడు కాదు. అతనికి ముప్పై అయిదు. భార్య పోయి నాలుగేళ్లయింది, పిల్లల్లేరు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఇద్దరికీ చాయ్ తెప్పించి, ఏవేవో కబుర్లు చెప్పి నవ్వించేవాడు. ఆ పావుగంట కోసమే సరస్వతి మిగతా ఊళ్లన్నీ తిరిగేది. ఈ సంగతి తనకు తాను ఒప్పుకోవడానికే ఆమెకు ఏడాది పట్టింది.

ఆ నెల ఆమె పోవాల్సిన రోజున, చాయ్ గ్లాసు చేతికిస్తూ వెంకట్రాజం చెప్పాడు.

"మా అమ్మతోని మాట్లాడిన. ముందుగాల తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆఖరుకు నీ ఇష్టమన్నది. మీరు ఊ అంటే గుట్ట మీద గుడిల పెండ్లి చేసుకుందాం."

సరస్వతి చాయ్ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేసింది. లోకం నవ్వుతుందంది. నవ్వుకోనీ అన్నాడు. పిల్లలు, అని ఆగిపోయింది. ఆ ఆశ ఎప్పుడో వదులుకున్నానని, దాని గురించి జర కూడా ఫికర్ పెట్టుకోవద్దని మెల్లగా చెప్పాడు. అంత మంచి మాటకు ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నాల ఏం చూసినవ్, వెంకట్రాజం?"

"నాకు అబద్ధం గిట్టది. ఒక్క అబద్ధమాడిండని పదేండ్ల సంది నా సొంత తమ్ముని మొకం చూస్తలేను. అందరు వయసు దాసుకుంటరు. మీరు తెల్లజుట్టుకు రంగెయ్యరు, నలుగురి ముందర నిలబడి యాభై నాలుగని చెప్తరు. ఇసొంటి మనిషి నాకు మళ్ల యాడ దొరుకుతది?"

సరస్వతి నోరు తెరిచింది. ఒక మాట గొంతు దాకా వచ్చింది. నమ్మకంతో తన వంకే చూస్తున్న అతని ముఖం చూసి, ఆ మాట మింగేసింది.

"వద్దు," అంది. "నేను నీ తల్లి ఈడుదాన్ని, బిడ్డా."

అతను బలవంతం చెయ్యలేదు. ట్రంకుపెట్టె బస్టాండు దాకా మోసుకొచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. వచ్చే నెల నుంచి ఇటువైపు వేరే ఆమె వస్తుందని సరస్వతి చెప్పింది. అతను తలూపాడు. బస్సు కదిలింది.

మడికొండ దాటేదాకా ఎలాగో ఓర్చుకుంది. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

యాభై నాలుగు కంపెనీ పెట్టిన వయసు. కన్నతల్లి లెక్కన సరస్వతికి మొన్న దసరాకు ముప్పై రెండు నిండాయి.