తిరిగొచ్చిన మాట

"జర ఆగుండ్రి సార్. పిల్లను అప్పుడే పైకి పంపకుండ్రి."

ఫైట్ మాస్టర్ వరప్రసాద్ విసుగ్గా చూశాడు. అన్నది వైర్‌లెస్ పెట్టెలు కిరాయికి తెచ్చినాయన. మాసిన చొక్కా, భుజాన వైర్ల సంచి.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో రేకుల సెట్టు. నవత నడుముకు అప్పటికే తాడు బిగించి, చెవికి వైర్‌లెస్, గొంతు దగ్గర మైకు పెట్టారు. హీరోయిన్‌కు డూప్‌గా ఆమెకిదే మొదటి సినిమా. అరవై అడుగులు ఎక్కాలి.

"ఏమైందయ్యా?"

"తాడు గుంజేటోళ్లను గోడెనకకు జరిపిండ్రు. వాళ్ల పెట్టె గూడ జరిగింది. మీ మాట గాడ పెట్టెలకెల్లి వచ్చి, మళ్ల గాడి మైకులనే పడి అందరి పెట్టెలకు తిరిగొస్తది."

"వస్తే?"

"తిరిగొచ్చిన మాటను పెట్టెనే పసిగట్టి కొట్టేస్తది. కొత్త జాగ గద, నేర్చుకోవాలె. ఒక్క నిమిషం మీరొక్కలే మాట్లాడుండ్రి. రెండు దిక్కుల గొంతులు ఒక్కపారే పడితే, ఏది ఎవరిదో దానికి ఎరుక గాదు."

మాస్టర్ నవ్వాడు. "వందమందిని నోరు మూసుకోమంటావా? ఎండ పోతోంది. వెళ్లి టీ తాగు."

మాస్టర్ మనుషులిద్దరు ఆయన రెక్క పట్టుకుని పక్కకు లాగేశారు. ఆయన కళ్లలో తనకన్నా ఎక్కువ భయం కనిపించింది నవతకు. పిచ్చోడేమో అనుకుని చూపు తిప్పేసుకుంది.

తాడు లాగే ఐదుగురికీ గోడ అడ్డం, నవత కనిపించదు. పెట్టెలో మాస్టర్ "పైకి" అని వినిపించిన ప్రతిసారీ ఒక బార తాడు లాగుతారు. ఎన్నిసార్లంటే అన్ని బారలు. ఎందుకని అడగకపోవడమే వాళ్ల పనితనం.

"పైకి."

నవత లేచింది. పైకి, పైకి అంటూ సెట్టు కప్పు కిందున్న ఇనుప దూలానికి రెండు బారల దూరం దాకా వచ్చింది.

"పైకి."

ఒక బార. ఆమె చెవిలో అదే మాట మళ్లీ సన్నగా వినిపించింది. ఇంకో బార.

"ఆపుండ్రి" అని అరిచింది. ఆ అరుపూ తిరిగొచ్చి తన చెవిలోనే పడింది. దాని మీద మాస్టర్ "ఆపు", దాని మీద ఎప్పటిదో "పైకి". తల ఇనుప దూలానికి తగిలింది. ఇంకో బార లాగితే మెడ విరుగుతుంది. కళ్లు మూసుకుంది.

తాడు ఆగింది.

కిందికి దించగానే నడుము తాడు విప్పుకుంది. గోడ పట్టుకుంటూ దాని వెనక తాళ్ల జట్టు దగ్గరికి వెళ్లింది. తాడు నిండా నెత్తురు.

"ఎవరాపిండ్రు?"

"పెట్టెలాయనేనమ్మా" అన్నాడు తాళ్ల జట్టు పెద్ద బసవపున్నయ్య. "పరిగెత్తుకొచ్చి తాడు పట్టేసి స్తంభానికి చుట్టేశాడు. అరచేతుల తోలంతా లేచిపోయింది."

"ఏడున్నడు, కాకా?"

"ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఆగమన్నా ఆగలేదు."

నవతకు ఏడుపొచ్చింది. "పెట్టెలు తెచ్చేటాయనకు తాడు సంగతి ఎట్ల తెలుసు?"

బసవపున్నయ్య నెత్తురంటిన తాడును చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

"నాకు ముందు ఈ జట్టుకి పెద్ద ఆ పెట్టెలాయనే, వీరయ్య. ఇలాగే ఒకరోజు తిరిగొచ్చిన మాట విని ఇంకో బార లాగాడు. ఆ రోజు పైనున్నది ఆయన కూతురమ్మా."