మిషను కాలి కింద పుస్తకం

"మిషను ఊగడం లేదు కదా బాబాయ్, కాలి కింద పుస్తకమెందుకు?" విసుక్కుంది టైలరమ్మ.

ముసలి మెకానిక్ అట్ట లేని ఆ పుస్తకాన్ని కుట్టుమిషను వెనక కాలి కింద దోపి లేచాడు.

"ఊగుతోంది తల్లీ. నీకు తెలియడం లేదంతే."

నూనె చేతులు తుడుచుకుంటూ గోడకి వేలాడుతున్న కత్తెర వైపు చూశాడు.

"దానికి తుప్పెందుకు పట్టింది?"

"కత్తిరించడం మానేశాను. చిరుగులు, అంచులు కుట్టుకుంటున్నా. చాల్లే."

రెండేళ్ల కిందట ఒక పెళ్లికూతురి పట్టుగుడ్డని తప్పు కొలతకి కత్తిరించింది. ఆ పిల్ల ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. అప్పట్నుంచి కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టలేదు.

ఎవరికీ చెప్పని ఆ సంగతి ఆయనకెందుకు చెప్పిందో! ఆయన అంతా విని, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే చెల్లెలి కూతురు పట్టుగుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నా పెళ్లి డ్రెస్సు నువ్వే కుట్టాలి పెద్దమ్మా."

"నా వల్ల కాదే. ఇంకెవరికైనా ఇచ్చుకో."

"అయితే పాత నైటీలో పెళ్లి చేసుకుంటా. తర్వాత నీ ఇష్టం."

గుడ్డ పది రోజులు అలాగే పడుంది. ఇక తిరిగి ఇచ్చేద్దామని మడతపెడుతుంటే, బల్ల మీది గుండీ ఒకటి మిషను కిందికి దొర్లింది. దానికోసం వంగి, అడ్డొచ్చిన పుస్తకాన్ని లాగింది.

మొదటి పేజీ కంటపడింది.

'నువ్వు ఏదో ఒక పనికి భయపడుతున్నావు. ముందు లేచి అది చేసి రా. రెండో పేజీ ఎక్కడికీ పోదు.'

నేల మీదే చతికిలబడింది. ఎవరో వెనకనుంచి పేరు పెట్టి పిలిచినట్టయింది.

లేచి కత్తెర తుప్పు గీకింది. నాలుగుసార్లు కొలిచింది. ఊపిరి బిగబట్టి కత్తిరించింది.

డ్రెస్సు పిల్ల ఒంటికి అతికినట్టు కుదిరింది.

పుస్తకం తీసేసినా మిషను ఊగడం లేదని అప్పుడు తట్టింది ఆమెకి.

కంటికొలతతో ఒక చొక్కా కుట్టి, మెకానిక్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన భార్య తలుపు తీసింది.

"బాబాయ్ ఉన్నారా పిన్నీ?"

"పోయి ఇరవై రోజులైందమ్మా."

చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

"నాకో పుస్తకం ఇచ్చారు. ఎవరు రాశారో చూద్దామంటే అట్ట లేదు."

"అన్నిటికీ అట్టలు చింపే పట్టుకెళ్లేవారు. మిషను కాలి కిందికి అట్టతో పనేముంది అనేవారు."

పిన్ని మంచం కిందనుంచి రేకుపెట్టె లాగింది. నిండా అట్టలే.

టైలరమ్మ ఒకటి తీసి వెనక్కి తిప్పింది. 'రచయిత' అన్న అక్షరాల కింద, భుజాన అదే సంచీతో, నూనె చేతులు వెనక్కి దాచుకుని, మెకానిక్ నవ్వుతున్నాడు.