పదిహేడో టిక్కు

సోమవారం లోపు స్టోర్స్ అక్కని కంపెనీ బయటికి పంపెయ్యాలి. శుక్రవారం పొద్దున్న కుర్చీలో కూర్చుంటూనే సూత్రధారి ఆ సంగతి తేల్చేసుకున్నాడు.

సూత్రధారి అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, ఆఫీసు పెట్టింది. పన్నెండు వేలమంది పనిచేసే ఆ కంపెనీలో స్టోర్స్‌కో సిస్టమ్, జీతాలకో సిస్టమ్, లారీలకో సిస్టమ్, గేటుకో సిస్టమ్ ఉండేవి. పడని తోడికోడళ్ళలాగా ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావు. వాటన్నిటినీ కలిపి కుట్టి, ఒకచోట బటన్ నొక్కితే అన్నిచోట్లా పని దానంతటదే జరిగిపోయేలా చేసిన ఘనుడు ఇతను. ఇప్పుడు ‘పాడైపోయినవి’ అని ఒక్కమాట రాస్తే చాలు, సరుకు స్టోర్స్ లెక్కలోంచి పోతుంది, లారీ వస్తుంది, గేటు తెరుచుకుంటుంది. కాపలావాడు సెల్యూట్ కూడా కొడతాడు.

అలా నూట నలభై కొత్త కంప్యూటర్లు, అట్టపెట్టెల టేపు కూడా ఊడకుండానే పాడైపోయి, అతని బావమరిది షాపుకి చేరాయి.

పానకంలో పుడకలా తగిలింది స్టోర్స్ అక్క. ఆవిడకి సిస్టమ్ మీద గురి లేదు. వచ్చిన ప్రతి పెట్టెనీ పుస్తకంలో చేత్తో రాసుకునే పాత అలవాటు. ఫిర్యాదు పెట్టింది. ఏ ఫిర్యాదైనా వచ్చిపడేది సూత్రధారి బల్ల మీదికే కాబట్టి, దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. ‘పరిష్కరించడమైనది’ అని మూసేశాడు. పదకొండుసార్లు పెట్టింది, పదకొండుసార్లూ పరిష్కరించాడు. విసిగిపోయి రాజీనామా ఇస్తే, దాన్నీ పక్కన పడేశాడు. చేతికింద ఉన్నంతకాలం ఆవిడ నోరు కుట్టేసినట్టే అని అతని ధైర్యం.

నిన్న సాయంత్రం ఆవిడ నేరుగా అతని గదికే వచ్చింది.

“చైర్మన్‌గారి భార్యా మా పిన్నీ ఒకే బళ్ళో చదువుకున్నారు సార్. పిన్ని చెప్తే, సోమవారం పదింటికి ఆయన గదికి రమ్మన్నారు. నా పుస్తకం పట్టుకెళ్తున్నా. మీకో మాట చెప్పి వెళ్దామని వచ్చా.”

“పుస్తకం ఎక్కడుందమ్మా?” అన్నాడు సూత్రధారి, గొంతులో తేనె పోసుకుని.

“స్టోర్స్ బీరువాలో. దాని తాళంచెవి నా దగ్గరే ఉందిలెండి.”

ఆవిడ వెళ్ళాక అతనికి కొత్త ఇల్లు, వచ్చే నెల ప్రమోషన్, ఊళ్ళో పరువు, అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. కాసేపటికి తేరుకుని నవ్వుకున్నాడు. చెప్పి మరీ దెబ్బకొడతారా ఎవరైనా? ఎంత వెర్రిబాగులది!

శుక్రవారం తొమ్మిదిన్నరకి ఆవిడ పాత రాజీనామా బయటికి తీశాడు. దానికి ఆరోజు తేదీ వేసి, ‘తక్షణం ఆమోదించడమైనది’ అని బటన్ నొక్కాడు.

మనిషిని సాగనంపడానికి సిస్టమ్‌లో పదిహేడు మెట్లున్నాయి. గేటు కార్డు చచ్చిపోయింది, ఒక ఆకుపచ్చ టిక్కు. కంప్యూటర్ మూసుకుపోయింది, ఇంకో టిక్కు. కంపెనీ ఫోను మూగబోయింది. బీరువా తాళం మార్చమని కబురెళ్ళింది. పదహారు దాకా చకచకా పడిపోతుంటే సూత్రధారికి పండగలా ఉంది. ఇక ఆవిడ పైకి రాలేదు. ఒకవేళ వచ్చినా, ఉద్యోగం పోయిన అక్కసుతో వాగుతోందంటారు.

పదిహేడోది మాత్రం ఇంకా పసుపుపచ్చగానే తిరుగుతోంది. దాని సంగతి పట్టించుకోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

కింద గేటు దగ్గర స్టోర్స్ అక్క కార్డు పెట్టి చూస్తోంది, తలుపు తెరుచుకోవడం లేదు. కాపలావాడు జాలిపడి ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చుని సొంత ఫోను తీసి ఏదో నొక్కడం మొదలుపెట్టింది. ఏడుస్తూ పిన్నికి చెప్పుకుంటోంది కాబోలు అనుకుని, సూత్రధారి హాయిగా టీ తాగాడు.

తిరిగొచ్చేసరికి పదిహేడో టిక్కు పడి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, అదేమిటో.

మానేసేవాళ్ళు ఎందుకు మానేస్తున్నారో రాయమని వాళ్ళ సొంత ఫోనుకి వెళ్ళే ఫారం అది. ‘వెళ్ళేవాళ్ళే నిజం చెబుతారు. ఆ నిజం మధ్యలో ఎవరి చేతా పడకుండా డైరెక్టర్ల ఫోన్లకే పోవాలి’ అని నాలుగేళ్ళ క్రితం మీటింగులో ఉపన్యాసమిచ్చి, చప్పట్లు కొట్టించుకుని, తనే పెట్టించాడు. ఇన్నేళ్ళలో ఒక్కరూ ‘అందరికీ కృతజ్ఞతలు’ దాటి ముక్క రాయలేదు కనక మర్చేపోయాడు. రద్దు బటన్ కోసం వెతికాడు. అలాంటి బటన్ ఉండకూడదని పట్టుబట్టిందీ తనే.

పది నిమిషాల్లో అతని కంప్యూటర్ మూసుకుపోయింది, ఫోను మూగబోయింది. ఇద్దరు కాపలావాళ్ళు వచ్చి గేటు దాకా నడిపించుకెళ్ళి, పోలీసులు వచ్చేదాకా కూర్చోమని ఇంకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

పక్కన స్టోర్స్ అక్క. బీరువాలో ఉందన్న పుస్తకం ఆవిడ ఒళ్ళో ఉంది. అందులోని పేజీలన్నీ ఫొటోలై ఫారంతోపాటు పైకి వెళ్ళిపోయాయి.

“సోమవారం ఎలాగూ చైర్మన్‌గారిని కలిసేదానివేగా,” అన్నాడు సూత్రధారి ఏడుపుగొంతుతో. “ఆ మూడురోజులూ ఆగలేకపోయావా?”

“మీ బల్ల మీద పడకుండా పైకెళ్ళే కాగితం ఈ కంపెనీలో ఆ ఫారం ఒక్కటే సార్. అది నాకు రావాలంటే నా రాజీనామాని మీ చేత్తో మీరే ఒప్పుకోవాలి. ఎలా ఒప్పించాలా అని నెలరోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నా.” ఆవిడ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. “నాకసలు పిన్నే లేదు సార్.”