ఎండేసిన లెక్కలు

మిల్లు కళ్లంలో పాత లెక్కల పుస్తకాలు బారుగా పరిచి ఉన్నాయి.

వాటి మధ్య గొంతుక్కూర్చున్న ముసలామె ఒక్కో కాగితం తిప్పి ఎండ చూపిస్తోంది.

"ఎవరవ్వా నువ్వు? ఎవరు తియ్యమన్నారు వాటిని?" మస్తానయ్య కేకేశాడు.

"పేరమ్మను నాయనా, పట్టపుపాళెం. ఎండుచేపలమ్ముకుంటా. మీ వెనక కొట్టు కురిసింది గదా!"

"కురిస్తే నీకెందుకు? ఎవరు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పాల్నా? తడిస్తే ఎండెయ్యాల గదా."

ఆమెతో వాదించే ఓపిక లేదు మస్తానయ్యకు. 1961 కార్తీకం వానలు అతన్ని నిద్రపోనివ్వలేదు. ఇందుకూరుపేట దగ్గర ఈ మిల్లులో గుమాస్తాగా చేరి రెండు నెలలే అయింది. వాళ్ల ఇంట్లో బి.ఏ. పాసైన మొదటివాడు. ఇంటిల్లిపాదీ ఈ జీతం మీదే ఆశ పెట్టుకుని ఉన్నారు.

పుస్తకాలు కామాక్షయ్య గారి కాలం నాటివి. అప్పట్లో అది నూలుమర, పిండిమర. ఇప్పుడు ఆయన మనవడు జయరామయ్య నడిపే బియ్యం మిల్లు. ఆ చిట్టాలూ ఆవర్జాలూ ఎవరికీ అక్కర్లేక కొట్లో పడున్నాయి.

అంతలో జయరామయ్యే విసురుగా వచ్చాడు.

"ఏమయ్యా బి.ఏ.! బాయిలరు అంటుకుందా?"

"లేదండీ. ఊకంతా తడిసి ముద్దయింది. పొగ తప్ప మంట రావడం లేదు."

"తొట్లో వడ్లు నానతా ఉండాయి. పొద్దుగూకేలోగా ఆవిరి పెట్టకపోతే మురిగిపోతాయి. నీ చదువు చూసి కంపు కొట్టకుండా ఆగుతాయా?"



జయరామయ్య చూపు కళ్లం మీద పడింది.

"అవిగో, గలగలా ఎండినాయి. తీసి పొయ్యిలో పెట్టు."

"తాతగారి లెక్కలండీ..."

"తాతే పోయినాడు. ఇంకెవురికయ్యా లెక్కలు చెప్పేది? ఆవిరి రాలేదంటే రేపు నువ్వు రాబాక."

ఆయన వెళ్లిపోయాడు. పేరమ్మ లేచి నిలబడింది.

"కాల్చబాక నాయనా."

"నేనేం చేసేది అవ్వా? విన్నావు గదా."

"ఒకటన్నా ఉంచు."

"సరే. ఏది కావాలి?"

పేరమ్మ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఏదో తెలీదు నాయనా."

"చదువొచ్చా?"

"రాదు."

"మరెందుకు?"

"చూసుకుందామని."

ఏదో తెలియనప్పుడు ఏదైతేనేం అనుకున్నాడు మస్తానయ్య. పక్కనున్న గంపలో ఎండుచేపలు కనిపించాయి. పొట్లాలకు కాగితం కావాలి కాబోలు, పైకి చెప్పడానికి సిగ్గు.

జాలేసింది. అన్నింటిలోకీ పెద్దది, రాయని కాగితాలు ఎక్కువున్నది వెతికి ఆమె ఒళ్లో పెట్టాడు.

"తీసుకో. అయ్యగారి కంట పడనీయబాక."

పేరమ్మ ఏదో అనబోయింది. అప్పటికే కూలీలు మిగతావి మోపులుగా ఎత్తుతున్నారు.

బాగా ఎండిన కాగితం. ఇట్టే అంటుకుంది. దాని వేడికి తడి ఊక కూడా రాజుకుంది. పొద్దు వాలేసరికి ఆవిరి లేచింది. ఉద్యోగం నిలిచింది.

ఒళ్లంతా మసితో, కాళ్లీడ్చుకుంటూ మస్తానయ్య బయటికి వచ్చాడు.

పేరమ్మ ఇంకా కళ్లంలోనే ఉంది. చివరి కాగితం తిప్పి, పుస్తకం మూసి, తెచ్చి అతని చేతికిచ్చింది.

"ఇది గాదు నాయనా. ఇందులో వేలిముద్రలు లేవు."

"వేలిముద్రలా? ఎవరివి?"

"మా ఇంటాయనది. బకింగాం కాలవ మీద ఈ మిల్లు పిండిమూటలు పడవలో తోలేవాడు. కూలి తీసుకున్నప్పుడల్లా బొటనేలు వేసేవాడంట. ఒక గాలివానకు పడవా రాలా, మనిషీ రాలా. దహనానికి కూడా దొరకలా. మా బోటోళ్లకి ఫోటోలు యాడివి?"

మస్తానయ్య చేతిలో పుస్తకం బరువైంది.

"ముద్ర పక్కనే పేరు రాసుంటుంది గదవ్వా! ముందే చెప్పుంటే నిమిషంలో చదివి తీసిచ్చేవాణ్ణే!"

"నీకు ముందున్న గుమాస్తాలను అడిగి అడిగి మానుకున్నా. ఎవురికుంది నాయనా తీరిక?"

గంప నెత్తికెత్తుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆయన ఏ పుస్తకంలో ఉండాడో తెలీకనే, వాన పడినప్పుడల్లా అన్నింటినీ ఎండేసుకుంటా వచ్చినా."